పెనాంగ్ గుడిలో రెండు చెక్కలు

ముప్పయ్యేళ్ళు మైకుల ముందు అరిచినవాణ్ణి. మా యానాం చుట్టుపక్కల, అడవిపొలంలో సోది చెప్పేవాళ్ళతో, దరియాలతిప్పలో తాయెత్తులు కట్టేవాళ్ళతో గొంతు పోయేదాకా వాదించినవాణ్ణి. మలేషియాలో, పెనాంగ్‌లోని ఆ చైనావాళ్ళ తావో గుడి మెట్లెక్కేసరికి మాత్రం నాలో ఓపిక లేదు. పొద్దుట్నుంచి టూరు బస్సు తిప్పుతూనే ఉంది. పైగా నా భార్య రొమ్ములో గడ్డ నుంచి తీసిన ముక్క కాకినాడలో ఒక ల్యాబులో ఉంది. రిపోర్టు సోమవారం. టిక్కెట్లు ముందే కొన్నాం, డాక్టరు వెళ్ళిరమ్మన్నాడు, వచ్చాం. ముక్క తీసిన రోజు మా అమ్మాయి తోడు వెళ్ళింది. నేను రాజమండ్రిలో సభలో ఉన్నాను.

లోపల అగరొత్తుల పొగకి కళ్ళు మండాయి. ఏ దేశంలోనైనా భయానికి పొగబెట్టి బతకడమే వీళ్ళ పని అనుకున్నాను.

బల్ల మీద నెలవంకలాంటి చెక్కలున్నాయి, ఒక పక్క చదును, ఒక పక్క గుండ్రం. అమ్మాయి గైడును అడిగొచ్చి వాళ్ళమ్మకి చెప్పింది: "పేరు, పుట్టినరోజు, ఊరు చెప్పి అడగాలంట. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవును. రెండూ బోర్లా పడితే కాదు."

నా భార్య రెండు చెక్కలు తీసుకుంది. "ఏవండీ, పుట్టినరోజు సర్టిఫికెట్‌దా, అసలుదా?"

"ఆధార్‌లో ఉన్నది చెప్పు."

"దేవుడికి ఆధార్ ఎందుకండీ బాబూ!" అని అసలుదే చెప్పింది. ఊరు "యానాం, పుదుచ్చేరి" అంది.

"అలా చెబితే ఆయన తమిళనాడు వైపు వెతుక్కుంటాడమ్మా," అంది అమ్మాయి.

"కాకినాడ పక్కనండి," అని ఆమె దేవుడికి సర్దిచెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "అది మామూలు గడ్డేనా?" అని అడిగి విసిరింది.

రెండూ బోర్లా పడ్డాయి.

రెండు చెక్కలు నాలుగు రకాలుగా పడొచ్చనీ, అందులో రెండు అవుననీ వివరించొచ్చు. ఇలాంటివి ఎన్ని ఊళ్ళలో వివరించలేదు! వంగి వాటిని ఏరి ఆమె చేతికిచ్చాను.

"మళ్ళీ వెయ్యి."

"ఒట్టి చెక్కలంటారుగా మీరు?"

"ఒట్టి చెక్కలే. అందుకే మళ్ళీ వెయ్యి."

ఆ మాట నాకే దొంగమాటలా వినిపించింది. ఆమె వెయ్యలేదు. "మీరు చెప్పండి. మామూలుదేనా?"

అవునంటే సరిపోయేది. అమ్మాయి ఆమె వెనకనుంచి అనమని సైగ చేస్తోంది.

"తెలీదు," అన్నాను.

ఆమె చెక్కలు బల్ల మీద పెట్టేసింది.

"అయితే సోమవారం మీరు రండి. అమ్మాయి వస్తే, రిపోర్టులో ఏమున్నా బాగుందనే చెబుతుంది."

"సరే."

"ఆ రోజు సభేం లేదా?"

"ఉంది," అన్నాను. "వెళ్ళను."