మగ్గం ఆగితే వీధంతా వస్తుంది

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కదిలేదాకా దిగిపోదామా అని తలుపు వైపే చూస్తుంటాను. కదిలాక ఆ కోరిక ఇంకా ఎక్కువవుతుంది. ప్రజారోగ్యంలో పీజీ చేరేటప్పుడు నేననుకున్నది వేరు. ఒక మూల కూర్చుని, ఏ ఊళ్లో ఏ జబ్బు ఎందుకు పుడుతుందో చదువుకోవచ్చనుకున్నాను. మనుషుల ఇళ్లకు వెళ్లి తలుపు కొట్టాలని, ఎవరితోనూ చెప్పుకోని మాటలు వాళ్లనడగాలని రెండో ఏడాదిలో గానీ తెలిసిరాలేదు.

పరిశోధన విషయం నేనే ఎంచుకున్నాను; ఎవర్నీ అనడానికి లేదు. గుంట మగ్గం నేసే ఆడవాళ్లు పొద్దంతా కాళ్లు గుంటలో పెట్టుకుని కూర్చుంటారు. నీళ్లు తాగుతారా, మూత్రం ఆపుకుంటారా, దానివల్ల బాధలేమైనా ఉన్నాయా, ఇవీ నా ప్రశ్నలు. కాగితం మీద బాగానే ఉన్నాయి. అనుమతి ఇస్తూ కాలేజీవాళ్లు ఒక షరతు పెట్టారు: మాట్లాడేటప్పుడు మూడో మనిషి వినకూడదు. అదీ న్యాయమే అనిపించింది, మొదటి ఇంటికి వెళ్లేదాకా.

ఆ ఇంట్లో మగ్గం నడిమింట్లోనే ఉంది. నేస్తున్న అక్కకు ముప్పై అయిదేళ్లుంటాయి. గడప దగ్గర నిలబడి నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. మగ్గం చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా సెప్పు పాపా, ఇనపడల్యా!"

ఇంకోసారి చెప్పాను. మూడోసారికి మొహం వేడెక్కిపోయి, "అక్కా, కొంచెంసేపు మగ్గం ఆపుతారా?" అన్నాను. ఆమె ఆపింది. ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. హమ్మయ్య అనుకుని మొదటి ప్రశ్న వెతుక్కుంటుండగా పక్కింటామె కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏమ్మే, నిలిపేసినావు? పోగులు తెగినాయా?"

ఎదురింటామె చేటతో సహా వచ్చింది. వంటింట్లోంచి అత్తగారు తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, "ఏమైనాదే, కళ్లు తిరిగినాయా?" అంది. ఆ వీధిలో పనివేళలో మగ్గం ఆగిందంటే ఎవరికో ఏదో అయిందని లెక్క. నొప్పులొచ్చినా, ప్రాణం మీదికొచ్చినా ఇరుగుపొరుగుకు ముందు తెలిసేది చప్పుడు ఆగడంతోనే. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

"ఏం ల్యా. ఈ పాప ఏందో గుట్టుగా అడగాలంట," అని అక్క నవ్వింది.

"గుట్టుగానా! అడుగు పాపా, మేమూ ఇంటాం," అంటూ ఎదురింటామె అక్కడే చతికిలబడి బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

అందరూ నన్నే చూస్తున్నారు. "మీకు నీళ్లు రోజూ వస్తాయా?" అని మాత్రం అడగగలిగాను. కొళాయి మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను లేచి వచ్చేశాను.

తర్వాత వెళ్లిన ఇళ్లలోనూ అదే వరస. మా గైడ్ మేడంకి ఫోన్ చేసి చెప్పాను.

"శనివారానికి ఒక్క ఇంటర్వ్యూ అయినా సరిగ్గా చేసి పంపమ్మా. కాకపోతే టాపిక్ మార్చేద్దాం. ఎవరో సేకరించిన డేటా ఇస్తాను, కంప్యూటర్ ముందు కూర్చుని చేసుకో. నీ స్వభావానికి అదే నయమేమో."

కోపంగా అనలేదు. ఆ మాట నాకు హాయిగా తోచింది, అందుకే భయమేసింది. ఇంటికొచ్చి డైరీలో, 'కంప్యూటర్ ముందు కూర్చుంటే నన్నెవరూ చూడరు' అని రాసుకున్నాను. కొట్టేసి, మళ్లీ అదే రాశాను.

శుక్రవారం మళ్లీ మొదటి ఇంటికే వెళ్లాను. బస్సు పత్తి లారీ వెనక ఇరుక్కుపోయి నత్తలా నడుస్తుంటే, ఇలాగే నడిచి ఎక్కడికీ చేరకపోతే బాగుండుననుకున్నాను.

"మళ్లా వచ్చినావా! మగ్గం నిలపమంటే నిలపను," అంది అక్క నన్ను చూడగానే. ఒక నిమిషం ఏదో ఆలోచించి, లోపలికి కేకేసింది. "అత్తా, కొంచెంసేపు నువ్వు నెయ్యి. నాకు నడుము పట్టింది. కండెలు సుట్టుకుంటా."

"మా కాలంలో మాకు నడుములే ల్యాకుండె!" అని సాధిస్తూనే అత్తగారు గుంటలోకి దిగింది.

చప్పుడు మళ్లీ మొదలైంది. వీధిలోంచి ఎవరూ రాలేదు. అక్క కండెలకు నూలు చుట్టే రాట్నం ముందు కూర్చుని, నన్ను చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది.

"ఇప్పుడు అడుగు. సెవిలో అడుగు."

అడిగాను. పొద్దున ఒక గ్లాసు నీళ్లు తాగితే మళ్లీ మగ్గం దిగాకేనట. మరుగుదొడ్డికి పోవాలంటే మామ మంచం ముందు నుంచే పోవాలి, మాటిమాటికీ పోతే బాగుండదట. ఎండాకాలం నుంచి మంట. మొగుడికి కూడా చెప్పలేదు. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి రాట్నం తిప్పుతూనే ఉంది. నా కళ్లు మాత్రం అత్తగారి వీపు మీదున్నాయి. ఆ వీపు ఊగడం కొంచెం నెమ్మదించినా నా పెన్ను ఆగిపోయేది.

ఈ వారమే ఆస్పత్రికి వెళ్లమన్నాను. "నువ్వొస్తే వస్తా," అంది. సరేనన్నాను. డాక్టరు ముందు నేనేం మాట్లాడతానోనని దిగులు అప్పుడే పట్టుకుంది.

గడప మీద కూర్చునే మేడంకి ఉన్నదున్నట్టు మెసేజ్ పెట్టాను: గదిలో అత్తగారు ఉన్నారు, కానీ మగ్గం నడుస్తోంది, ఆమెకేమీ వినపడదు, ఇది చెల్లుతుందా? కాసేపటికి జవాబొచ్చింది.

"చెల్లుతుంది. ఎలా చేశావో అలాగే రాయి. టాపిక్ మార్చొద్దు."

చెప్పులు వేసుకుంటుంటే మగ్గం ఆగింది.

"ఏమైనాది?" పక్కింటి గొంతు.

"ఏం ల్యా, మనిషి మారుతాండాం!" అని బదులిచ్చి, అత్తగారు కోడలి వైపు తిరిగింది. "నీ నడుము బాగైంది గదా, ఇంక ఎక్కు."

కోడలు గుంటలోకి దిగింది. చప్పుడు మొదలయ్యేదాకా ఆగి, అత్తగారు రాట్నం దగ్గర కూర్చుంది. నన్ను సైగ చేసి పిలిచింది.

"దాన్ని అడిగినావు గదా. నన్ను అడగవా?"

విన్నదా? ఊహించిందా? నా పరిశోధనలో నలభై అయిదు దాటినవాళ్లు లేరు, ఆమెకు అరవై ఉంటాయి. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు వంగింది. నేను కాగితాలు సంచిలో పెట్టేసి, చెప్పులు విప్పి, ఆమె పక్కన కూర్చున్నాను.

"సెప్పు పెద్దమ్మా."

"శానా ఏండ్లాయె పాపా," అని నా చెవిలో మొదలుపెట్టింది.