రోజూ కడిగే బండి

మా ఆయన నరసింహమూర్తిగారు మండవల్లి చుట్టుపక్కల పౌరోహిత్యం చేస్తారు. నోట్లో మంత్రం, కళ్ళల్లో అనుమానం. పాలవాడు నీళ్ళు కలిపాడని అనుమానం, కొట్టువాడు కుళ్ళిన కొబ్బరికాయలు అంటగట్టాడని అనుమానం. నేను ఫోన్లో మా చెల్లెలితో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడితే అవి తన గురించేనని అనుమానం. ఆ చివరిది మాత్రం చాలాసార్లు నిజమే. ముప్పై ఏళ్ళుగా హైస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను గానీ, ఒక మనిషిని నమ్మడం ఎలాగో ఈయనకు చెప్పలేకపోయాను.

పోయిన కార్తికంలో ఏలూరు షోరూములో ఎర్ర మోటారుసైకిలు కొన్నారు. ఇక చూడండి నా అవస్థ! తెల్లవారగానే తాను స్నానం చేసి, బండికీ స్నానం చేయించాలి. "చేపల లారీ నీళ్ళు చిందాయో, ఏ మైల తగిలిందో ఎవరికి తెలుసే? కడక్కుండా వ్రతాలకు ఎలా వెళ్ళమంటావు?" అనేవారు. రెండు బకెట్ల నీళ్ళు, ఆపైన పాత పంచెతో తుడుపు. తర్వాత గోడ పక్కన, హ్యాండిల్ కుడివైపు తిప్పి, చుట్టుపక్కల ఎవరూ ముట్టుకోకుండా నిలబెట్టేవారు.

ఆ బండిని మరొకరి చేతికిచ్చింది ఒక్కసారే, ఏలియాకి. చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు బాగుచేస్తాడు. మా నీళ్ళ మోటారు పదిహేనేళ్ళుగా అతని చేతి మీదే నడుస్తోంది. వేసవిలో ఒకరోజు పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు.

"పంతులుగారూ, జాయ్సీకి ఏలూరు నర్సింగ్ కాలేజీలో ఇంటర్వ్యూ అండి. బస్సు దాటిపోయిందండి. ఒక్క పూట బండి ఇప్పించండి, ఆయ్."

కూతురు ఫైలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఆయన గొణుక్కుంటూనే తాళం ఇచ్చారు. సాయంత్రానికి ఏలియా బండిని కడిగి మరీ తెచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే వాకిట్లోంచి కేక. వెళ్ళి చూస్తే ట్యాంకుకు కుడివైపు ఎర్ర రంగు బుడగలు బుడగలుగా లేచింది. గోటితో గీరితే పెచ్చులుగా ఊడి, కింద రేకు కనిపించింది.

"ఏలియాగాడే! బ్యాటరీ పెట్టుకుని తిరిగుంటాడు. ఆసిడ్ ఒలికిందే!"

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. చెరువుల దగ్గర ఇంజన్లూ బ్యాటరీలూ మోయడమేగా వాడి పని!"

నాకు ఒళ్ళు మండింది. "అడిగే ముందు ఒకసారి ఆలోచించండి" అన్నాను. ఆయన ఆలోచించలేదు. ఏలియాని పిలిపించి నలుగురూ వినేలా అడిగేశారు. "నిజం చెప్పు. ఆ రోజు బండి మీద బ్యాటరీ తీసుకెళ్ళావా?"

ఏలియా ట్యాంకు వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు. "లేదండి. జాయ్సీ, దాని ఫైలూ, అంతేనండి." వెళ్ళిపోయాడు. ఆ వారమే మా మోటారు పాడైంది. కబురు పంపడానికి నాకు మొహం చెల్లలేదు. వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డాను. నిజంగా తప్పు అతనిదే అయితే సరే. కాకపోతే? పదిహేనేళ్ళుగా మన ఇంటి మనిషిలా వచ్చిపోయే వాడిని దొంగలా నిలబెట్టినట్టు కాదా? ట్యాంకు ఏమైతే నాకేం గానీ, ఈ సంగతి తేలాలనిపించింది.

అందుకే, బడికి సెలవులే కాబట్టి, ఆయనతో నేనూ ఏలూరు వెళ్ళాను. షోరూములో హేమంత్‌కుమార్ అనే సర్వీస్ అడ్వైజర్ ట్యాంకును ఒక చూపు చూసి, హ్యాండిల్ మీద వేలితో రుద్దాడు.

"పెయింటుకి వారంటీ రాదండి."

"ఇంకా ఏడాది కూడా నిండలేదు కదయ్యా!" అన్నాను.

"బయటి కెమికల్ ఏదో పడిందండి మేడమ్. కుడి హ్యాండిల్ మీద బ్రేక్ ఆయిల్ కప్పు ఉంటుంది కదండీ, దాన్నుంచి కారినా పెయింటు ఇలాగే లేస్తుంది. కానీ ఇప్పుడే చూశాను కదండీ. ఎక్కడా చెమ్మ లేదు, శుభ్రంగా ఉంది. బండి ఎవరికైనా ఇచ్చారాండీ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఒకడికి ఇచ్చాను."

"అయితే ఆ పేరు రాసి, వాళ్ళవల్ల పాడైందని ఇక్కడ సంతకం పెట్టండి. రికార్డు కోసమేనండి."

అంటూ కాగితం, పెన్ను ముందుకు జరిపాడు. ఆయన పెన్ను తీసుకున్నారు. కాగితం ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత కళ్ళజోడు పైకి తోసి, ఆ అబ్బాయిని తేరిపార చూశారు. ఆ చూపు నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. పాలవాడిని చూసే చూపు అది.

"నా బండి పాడైతే, పేరు రాయమని నీకు ఇంత తొందరేమిటయ్యా?"

"ఫార్మాలిటీ అండి..."

"ఫార్మాలిటీ కాదు. నేను సంతకం పెడితే తప్పు మీది కాకుండా పోతుంది. అవునా?"

అబ్బాయి కాగితం వెనక్కి లాక్కున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన అనుమానానికి దణ్ణం పెట్టుకున్నాను. అప్పుడే నాకు తట్టింది.

"ఏవండీ, శుభ్రంగా ఉండక ఏమవుతుంది? పొద్దున్నే రెండు బకెట్లు మీరే పోస్తున్నారుగా! కారిందంతా మీరే కడిగేస్తున్నారేమో!"

ఆయన పెన్ను కింద పెట్టారు. సంతకం పెట్టకుండానే ఇంటికొచ్చాం.

మూడు రోజులు బండి కడగకూడదని నేను షరతు పెట్టాను. ఆ మూడు రోజులూ ఆయన పడిన బాధ చెప్పలేను. దుమ్ము పట్టిన బండిని చూడలేక మొహం తిప్పుకుని, రెండు వ్రతాలకు ఆటోలో వెళ్ళారు. హ్యాండిల్ ఎప్పటిలాగే కుడివైపు తిప్పితే బ్రేక్ ఆయిల్ కప్పు సరిగ్గా ట్యాంకు మీదకు వచ్చింది, దాని కింద తెల్లటి గుడ్డ చుట్టాం. మూడో రోజు పొద్దున విప్పితే అరచేతి మేర పసుపుపచ్చ తడి. ముట్టుకుంటే జిగట. గుడ్డ దాటి కారిందేమో, సరిగ్గా ఆ కింద ట్యాంకు మీద రంగు ఇంకో వేలెడు లేచింది.

గుడ్డ, ఫోటోలు పట్టుకుని మళ్ళీ ఏలూరు. ఈసారి మేనేజరే వచ్చాడు. కప్పు విప్పించి చూస్తే లోపలి రబ్బరు సీలు చీలి ఉంది. కంపెనీ లోపమని ఒప్పుకుని, సీలూ, కొత్త ట్యాంకూ వారంటీ కిందే వేస్తామని రాసిచ్చాడు. పన్నెండు రోజుల్లో బండి మళ్ళీ కొత్తదైంది. దాని మీద ఇద్దరం తిరిగి వచ్చే దారిలో కొల్లేరు గాలికి ఆయన శ్లోకాలు అందుకున్నారు.

"ఇంటికి కాదు. ముందు ఏలియా ఇంటికి పోనివ్వండి" అన్నాను.

శ్లోకం ఆగింది.

ఏలియా చెరువు గట్టు మీద ఏరియేటర్ విప్పి కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆయన బండి దిగి, కొత్త ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"బ్రేక్ ఆయిల్ కారిందట ఏలియా. కంపెనీ వాళ్ళదే తప్పు. నీ తప్పేమీ లేదని తేలింది."

"నా తప్పు లేదని నాకు ముందే తెలుసు కదండీ" అన్నాడు, మెల్లగా, మర్యాదగానే.

ఆయన తాళం ముందుకు చాపారు. "జాయ్సీకి సీటొచ్చిందటగా, కాలేజీలో దింపాలిగా. తీసుకెళ్ళు."

"బస్సుకి వెళ్తామండి, ఆయ్. ఇప్పుడు టైముకే లేస్తున్నామండి." రెండు చేతులూ నూనెతో ఉన్నాయని చూపించి, వెనక్కి పెట్టుకున్నాడు.

మోటారు సంగతి నేనే చెప్పాను. రాడేమో అనుకున్నాను గానీ మర్నాడే సంచీతో వచ్చాడు. పదిహేనేళ్ళుగా పెరటి తలుపు తానే తీసుకుని వెళ్ళి, పని చేసి, "అయిపోయిందండి అమ్మగారూ" అని కేకేసి పోయేవాడు. ఆ రోజు వాకిట్లోనే ఆగాడు.

"అమ్మగారూ, ఒకసారి వచ్చి నిలబడండి. పంతులుగారిని కూడా రమ్మనండి. మీ ఎదురుగానే విప్పుతానండి."

ఆయన అరుగు మీదే ఉన్నారు. విన్నారు. లేచి వచ్చి, అనుమానించడానికి ఏమీ లేని చోట, తల వంచుకుని పని అయ్యేవరకూ నిలబడ్డారు.