సత్తెమ్మ ఛర్రాలు

2023 ఆషాఢం. పాతబస్తీలో బోనాలు దగ్గరపడ్డాయంటే పురానాపూల్ పక్కనున్న నా దుకాణానికి బుగ్గల, అంటే బెలూన్ల, దుకాణాలవాళ్ళు వరుస కడతారు. నేను ఎయిర్ గన్లు బాగుచేస్తాను. జాతరల్లో గుడ్డకు బుగ్గలు కట్టి కొట్టిస్తారే, ఆ బందూకులు. మీట నొక్కగానే లోపలి స్ప్రింగు గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఛర్రాను, అంటే చిన్న సీసపు గుండును, బయటికి తోస్తుంది. ఇందులో మందు ఉండదు, మంట ఉండదు. చాదస్తం మాత్రం దండిగా ఉంటుంది, అది నాది.

వచ్చేవాళ్ళలో కొందరు గొంతు తగ్గించి, "అన్నా, జర బ్యారెల్ వంచియ్యి" అంటారు. గొట్టం కాస్త వంగితే గురి తప్పుతుంది, బుగ్గలు మిగులుతాయి. అలాంటివాళ్ళకు నా దగ్గర తిట్లు తప్ప ఇంకేమీ దొరకవు.

ఒకరోజు పొద్దున కార్వాన్ నుంచి సత్తెమ్మ వచ్చింది. ఆమె భర్త రాములు జాతరల్లో బుగ్గల దుకాణం పెట్టేవాడు. కిందటి చలికాలం పోయాడు. ఇప్పుడు దుకాణం ఆమే నడుపుతోంది. రాములు తన బందూకు తానే బాగుచేసుకునేవాడు, ఒక్కనాడూ నా గడప తొక్కలేదు. నా దగ్గరికి రానివాళ్ళ మీద నాకు కొంచెం అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

పాత చీరలో చుట్టిన బందూకును బల్ల మీద పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మొన్న జాతరల మస్తు లొల్లి అయ్యింది అన్నా. ఎంత కొట్టినా ఒక్క బుగ్గ పలుగుతలేదు. బ్యారెల్ వంచి పెట్టిన్రు, ఇది దొంగ దుకాణం అన్నరు. బోనాలకు జాగా ఇయ్యం అని కమిటీవాళ్ళు అంటున్నరు. బందూకు చూపిచ్చుకొని వస్త, ఒక్కసారి ఆగుండ్రి అని బతిలాడి వచ్చిన."

"చూద్దాం తియ్యి. గంత ఫికర్ ఎందుకు?"

ఆమె మెల్లగా అడిగింది.

"నిజం చెప్పు అన్నా. మా ఆయన వంచిండా? ఇన్నేండ్లు గట్లనే తిన్నమా మేము?"

జాగా పోతే ఇంకో జాతరలో దొరుకుతుంది. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన మనిషి మీద పడ్డ అనుమానం అంత తేలిగ్గా పోదు. పైగా ఆ అనుమానం తీర్చడానికి ఆయన లేడు.

ఛర్రా పెట్టేటప్పుడు తెరిచినట్టే బ్యారెల్‌ను కీలు దగ్గర తెరిచి, వాకిలి వెలుగుకు పెట్టి లోపలికి చూశాను. గొట్టం సూటిగా ఉంటే వెలుగు గుండ్రాలు ఒకదాంట్లో ఒకటి కుదురుగా కనిపిస్తాయి, వంగితే ఒక పక్కకు జారతాయి. ఇవి కుదురుగానే ఉన్నాయి. అయినా నా కంటిని నేను నమ్మను. దుకాణం వెనక ఇసుక బస్తాకు అట్ట కట్టి, బందూకును బిగించి, కంపెనీ ఛర్రాలు కొట్టాను. అన్నీ ఒకేచోట దిగాయి.

"బ్యారెల్ సూటిగ ఉన్నదమ్మా. ఎవ్వలు వంచలే."

అప్పుడు కూర్చుంది సత్తెమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి ఎందుకు తగుల్తలేదు?"

"నీ ఛర్రాలు తియ్యి."

డబ్బీ తీసింది. గుడ్డ వెనక రాలిన చితికిన ఛర్రాలను ఏరి, ఆరుబయట పొయ్యి మీద కరిగించి, అచ్చులో పోసి మళ్ళీ వాడుకోవడం వాళ్ళింటి పద్ధతి. వాటిని కొడితే ఒకటి అట్ట పైఅంచుకు, ఇంకొకటి అట్ట దాటి బస్తాకు తగిలాయి. డబ్బీలో మిగిలినవాటిని తిప్పి భూతద్దం కింద పెట్టాను. ప్రతిదాని అడుగునా ఎర్రటి రబ్బరు ముక్క.

"ఇదేంది?"

"పలిగిన బుగ్గ ముక్క. ఆయన నమ్దా బిళ్ల అంటిస్తుండె. అది ఒడిసిపోయింది. బుగ్గ ముక్కలైతే దుకాణంల కుప్పలు పడి ఉంటయి గదా!"

మందుతో పేలే సీసపు తూటాలు కొన్నింటి అడుగున చిన్న రాగి టోపీ బిగిస్తారు. దాన్ని గ్యాస్ చెక్ అంటారు. వెనక నుంచి తోసే గ్యాసు సీసాన్ని కోసుకుంటూ పక్కల నుంచి జారిపోకుండా ఆపుతుంది. మన ఎయిర్ గన్‌లో ఆ పని కంపెనీ ఛర్రాకు ఉండే డొల్ల అడుగు చేస్తుంది. ఇంట్లో పోసిన దానికి అడుగు గట్టిగా ఉంటుంది కాబట్టి రాములు నమ్దా, అంటే దళసరి ఉన్ని బిళ్ల, అంటించేవాడు. రబ్బరు అలా కాదు. సాగదీసి అంటిస్తే ముడుచుకుని ఒక పక్కకు చేరుతుంది. గాలి ఆ పక్కను ఒకలా, రెండో పక్కను ఒకలా తోస్తుంది. ఇక ఛర్రా వంకరగా పోక ఏం చేస్తుంది?

విని సత్తెమ్మ ముఖం మళ్ళీ వాడిపోయింది. "అంటే ఆయనకు దొంగ పేరు తెచ్చింది నేనేనా?"

"నువ్వు కాదు, బుగ్గ" అన్నాను నవ్వించాలని. నవ్వలేదు. మంచిమాటలు నాకు చేతకావు, అందుకని పని చెప్పాను.

"ఇటు కూసో. నమ్దా నేనిస్త. బిళ్ల అడుగు అంతనే కొయ్యాలె, ఎక్కువ గాదు, తక్కువ గాదు. వేలుతోని ఒత్తకు, కొస చదునుగ ఉన్న పుల్లతోని సూటిగ ఒత్తు. అంటించిన గోంద్ ఆరినంక గాజుపలక మీద దొర్లియ్యి. బిళ్ల ఊగిందా, మళ్ళ కరిగించుడే. జాలి పడొద్దు."

ఆమె జాలి పడలేదు. నేను సరే అన్నవాటిని కూడా "ఊగుతున్నది అన్నా" అని పక్కన పడేసింది. చాదస్తంలో నాకు జోడీ దొరికిందనుకున్నాను.

బోనాల నాడు చూడ్డానికి వెళ్ళాను. కమిటీ పెద్దమనిషి మొదట కొట్టాడు. బుగ్గ టప్పున పలిగింది. లొల్లి చేసినవాళ్ళలో ఒకడు కొట్టాడు, అదీ పలిగింది. జాగా ఖాయమైంది. సత్తెమ్మ గుంపులో నన్ను చూసి, "అన్నా, నువ్వు గూడ కొట్టాలె" అని బందూకు చేతిలో పెట్టింది. కొట్టాను. తప్పింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ తప్పింది. జనం ఒకటే నవ్వు. ఆమె అందరికీ వినపడేలా అరిచింది.

"సూడుండ్రి! మా ఆయన బందూకు సూటిగనే ఉంది. వంకర ఈ అన్న చెయ్యి!"

నన్ను చూసి ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ మాట ఆమె ఎవరికోసం అరిచిందో నాకు తెలుసు.

ఇప్పుడు గురి తప్పుతోందని ఎవరు బందూకు తెచ్చినా, ముందు ఛర్రా అడుగు తిప్పి చూస్తాను. పోయినవాడు లేచొచ్చి నేను వంచలేదని చెప్పుకోలేడు. వాడి తరఫున చూడాల్సింది బతికున్న మనమే.