తూకానికి తెచ్చిన పెండ్లికూతురు

ఏడో తరగతిలో బడి మానేసి, పులివెందులలో లారీలకు చీనీకాయల, అదే బత్తాయిల, మూటలు ఎత్తే పనికి పోయినవాణ్ణి. చదువు రాకున్నా తూకం సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని పొగరు. అది అంగన్‌వాడీలో దిగింది.

మా ఇంటామె జ్వరంతో పోయేనాటికి పాపకు ఏడాదిన్నర. అంగన్‌వాడీలో పిల్లల్ని నెలనెలా తూచేవారు. మా పాపది ఎప్పుడూ తక్కువ బరువే. చుట్టూ తల్లులు, మధ్యలో మీసాలతో నేనొక్కణ్ణి.

"ఏం మామా, పాపకు పెడ్తాండావా, అంతా నువ్వే తింటాండావా?" అని ఎదురింటామె నా పొట్ట వైపు చూసేది.

మూటలెత్తేవాడికి తూకం తగ్గడం కంటే అవమానం ఏముంటుంది? కాయల బరువు పెంచడానికి ఏమేం చేస్తారో చూసినవాణ్ణే. మరుసటి నెల పాపకు కడుపునిండా నీళ్ళు తాగించాను. జమ్మలమడుగు నుంచి మా అక్క తెచ్చిన వెండి మొలతాడు, లావుపాటి కడియాలు తొడిగాను. పైన రెండు గౌన్లు వేసి మిషను మీద నిలబెట్టాను.

"శానా పెరిగిందన్నా!" అని టీచరమ్మ మురిసిపోయింది. నేను ఎదురింటామెను చూస్తూ మీసం దువ్వాను.

తీరా చూస్తే, తూచినాక ఇంటికిచ్చే సంచిలో గుడ్లు సగమే. పాలు లేవు.

"ఇదేంది టీచరమ్మా?"

"బరువు తక్కువుండే పిల్లలకే కదన్నా ఎక్కువిచ్చేది. నీ పాపకు ఇంగ అక్కర్లే."

ఇంట్లో నేను వండే అన్నం నాకే గొంతు దిగేది కాదు. పాప కడుపులో పడే గట్టి తిండి ఆ గుడ్డూ పాలే. వాకిలి దాకా పోయి వెనక్కి వచ్చాను. అందరి ముందూ గౌన్లు, కడియాలు, మొలతాడు ఒక్కొక్కటే విప్పాను.

"ఏంది మామా, తూకానికి పెండ్లికూతుర్ని తెచ్చినావా?" అంది ఎదురింటామె. నవ్వులకు పైకప్పు రేకులు ఎగిరిపోతాయేమో అనుకున్నాను.

టీచరమ్మ నవ్వకుండా మళ్ళీ తూచింది. పోయిన నెల కంటే కూడా తగ్గింది. నవ్వులు ఆగిపోయాయి.

ఎదురింటామె పాపను ఎత్తుకుంది. "గుడ్డు ఎట్ల పెడ్తాండావు?"

"ఉడకేసి చేతికిస్తా. సగం కింద పడేస్తాది."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అన్నంలో మెత్తగా పిసికి, కొంచెం కొంచెం పెట్టాల. లారీకి లోడు చేస్తాండావనుకున్నావా?"

టీచరమ్మ గుడ్లూ పాలూ మళ్ళీ రాసింది. నేను పనికి పోకుండా తల్లుల మధ్య చాప మీద కూర్చున్నాను. అక్కడ వండిన అన్నంలో గుడ్డు పిసికి ఎదురింటామె పెట్టిన మూడు ముద్దలూ పాప తినింది. నేను పెట్టిన నాలుగోది నా చొక్కా మీదే ఉమ్మేసింది.

"ఇంగా మెత్తగా!" అని అందరూ ఒక్కసారే కసిరారు.

ఇంకా మెత్తగా పిసికాను.