మనుషులెక్కాక కొలత

ఆ పొద్దు కూడా రోజూలాగే లేచాను. అల్మారాలో ఉన్న చిన్న పటం ముందు దీపం పెట్టాను. రెండు గ్లాసుల్లో టీ పోసి, తమ్ముడి గ్లాసు మీద సాసరు మూసి వంటింటి గుమ్మం దగ్గర ఉంచాను. కార్లు కడిగి వచ్చి తాగుతాడు. బియ్యం కడిగాను. రొట్టెలు కాల్చాను. సాసరు కదలలేదు. తమ్ముడు తన డ్రైవరు గది తలుపు తీయడం లేదని తోటమాలి వచ్చి చెప్పాడు. మేము మామా అనే ఇంటి యజమానురాలు అంబులెన్సు పిలిపించింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. నేను ఆ టీ పారబోసి గ్లాసు కడిగాను. ఎందుకు కడిగానో తెలియదు. ఇంకా ఏడుపు రాలేదు.

కువైట్‌లో జాబ్రియాలోని ఈ ఇంట్లో నేను వంట చేస్తాను. తమ్ముడు కారు నడిపేవాడు. తమ్ముడి గురించి మీకు ఏం చెప్పాలన్నా నాకు ఈ ఇంటి షెడ్డే గుర్తొస్తుంది.

ఇంటి పెద్దాయనను మేమిద్దరం బాబా అంటాం. ఆయన వయసులో ఉండగా కొనుక్కున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఆ షెడ్డులో ఉంది. టైర్లు పగిలిపోయాయి, రిమ్ములు తుప్పు పట్టాయి. చచ్చేలోగా ఒక్కసారి దాంట్లో సముద్రం పక్కన తిప్పమని బాబా అడిగాడు. తిప్పుతానని తమ్ముడు మాట ఇచ్చాడు.

మొదట బాబా కొడుకూ తమ్ముడూ కలిసి పెద్ద రిమ్ములు, వెడల్పు టైర్లు తెచ్చారు. కారు భలే ఉంది. తమ్ముడు బిగించి, చుట్టూ చూసుకుని, సరిపోయిందన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. నన్నూ ఎక్కమన్నాడు. గేటు దగ్గర తిప్పగానే గర్రుమంది. టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంటోంది.

"నేనెక్కినందుకేనా రా?"

"నువ్వెక్కబట్టే తెలిసిందక్కా. ఖాళీ బండికి ఏ చక్రమైనా సరిపోతాది. మనుషులెక్కినాకనే నిజం చెప్తాది. నేనే మర్చిపోయినా."

"అంటే నా ఒళ్ళు బరువంటావు."

"నికరమైన బరువు. కువైటంతా తిరిగినా యాడ దొరుకుతాది?"

కిటికీలోంచి బాబా నవ్వుతున్నాడు.

అప్పటినుంచి నేను కూర్చోనిదే కొలత లేదు. తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన చక్రాలు ఒక్కో రకం బిగించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చెవి పెట్టేవాడు. నేను ఆ కాసేపూ నామాలు చదువుకునేదాన్ని.

"ఊగొద్దక్కా. దేవుడికి పెదాలు చాలు," అనేవాడు.

చివరికి పాత పదిహేను అంగుళాల రిమ్మే ఖాయం చేశాడు. టైరు వెడల్పు మాత్రం కొంచెం పెంచి, చక్రం ఎత్తు మారకుండా చూశాడు. ఎత్తు మారితే స్పీడు ముల్లు అబద్ధం చెబుతుందట. "నిండుగా ఉంటాది, రాసుకోదు," అన్నాడు. షాపులో టైర్లు తెప్పించమని చెప్పి వచ్చాడు. అవి వచ్చేలోగా పోయాడు.

పోయిన రోజు మధ్యాహ్నం బాబా కొడుకు, "ఇక ఖలాస్, షెడ్డు మూసేద్దాం," అన్నాడు. బాబా నా వైపు చూశాడు.

సాయంత్రం జహ్రాలో పనిచేసే మరదలు, తమ్ముడి భార్య, వచ్చింది. అబ్బాసియాలో టైర్ల షాపులో ఉండే వాళ్ళన్న కూడా వచ్చాడు. తమ్ముడు చెప్పిన టైర్లు షాపుకు వచ్చాయని అన్నాడు. ముగ్గురం నా గదిలో కూర్చున్నాం. తమ్ముణ్ణి ఊరికి పంపే కాగితాలకు కొన్ని రోజులు పడుతుంది. మరదలు వెంట వెళ్తుంది. ఆమె వెళ్ళేలోగా చక్రాలు బిగించాలన్నాను. బావ సీట్లో బియ్యం మూట పెట్టి చూద్దామన్నాడు వాళ్ళన్న.

"మూట వద్దన్నా. ఆయన సీట్లో నేను కూచుంటా," అంది మరదలు. నా వైపు తిరిగి అడిగింది: "నేను ఆయనంత బరువుండను గదా వదినా. కొలత తప్పుతాదా?"

శుక్రవారం బిగించాలనుకున్నాం. వాళ్ళన్న మడ్‌గార్డు దగ్గర చెవి పెట్టి వింటాడు. చప్పుడు లేకపోతే తర్వాత బాబాను ఆయనే సముద్రం పక్కన తిప్పుతాడు. కొలత చూసేటప్పుడు మాత్రం నా సీట్లో నేను కూర్చుంటాను. తమ్ముడి సీట్లో మరదలు, తక్కువైన బరువుకు బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని, స్టీరింగు తిప్పుతుంది.