పరాయి ఇంజను

ఏలూరులో మెర్సీ మేడం గారి ఎర్ర స్పోర్ట్స్ కారు ఎరగనివాళ్లు లేరు. చీరకొంగు నడుముకు బిగించి, బానెట్ మీద ఒకసారి అరచేయి ఆనించి, అప్పుడు వట్లూరు కాలేజీకి బయలుదేరేది. 2006లో ఇంజను మొరాయిస్తే కంపెనీవాళ్లు కొత్తది వేయించుకోమన్నారు. ఆ కారంటే ఆ ఇంజను చప్పుడే ఆమెకు. "కొత్తదెందుకండీ మేడం, మీదాన్నే విప్పి బాగుచేసిస్తాను," అన్నాడు ఎడ్విన్. ఇలాంటి కార్లకు పేరుపడ్డ మెకానిక్ అతను, ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడు. సరేనంది. కారు తిరిగొచ్చాక చప్పుడు పరాయిగా తోచి బానెట్ ఎత్తి చూసింది. ఇంజను మీది నంబరు తనది కాదు. నేరుగా ఎడ్విన్ షెడ్డుకు వెళ్లింది.

"నా ఇంజనేదిరా?"

"ఒకాయన మోజుపడి అడిగితే ఇచ్చేశానండి. ఇదీ బాగానే నడుస్తోంది కదండీ."

"నడుస్తోందిరా. నువ్వు చేస్తావనే కదా కంపెనీదాన్ని వద్దన్నాను."

కారు తాళాలు అతని బల్ల మీద పెట్టేసి, ఆమె బస్టాండు వైపు నడిచింది.