మా ఆయన ఏరుకున్న భాగం

మా ఆయన కంబన్న అసూయ గురించి చెప్పమంటే నాకు నోరు ఆగదు. పత్తికొండ పక్క పల్లె మాది. మా మామకు చాలా ఏళ్లు పిల్లలు లేక, దాయాదుల బిడ్డ అయ్యన్నను దత్తు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత పుట్టాడు మా ఆయన. పుట్టీ పుట్టగానే అన్న మీద ఏడుపు మొదలుపెట్టి ఉంటాడు, మహానుభావుడు!

మా అత్త గిడ్డమ్మ అయ్యన్నకు సంగటి పెడితే, ఈయన ఆ ముద్దనూ తన ముద్దనూ మార్చి మార్చి చూసేవాడు.

“కడుపున పుట్టినోన్ని నేను గదమ్మా, వానికేంటికి అంత నెయ్యి?”

“వాడు సేన్లో పొద్దంతా రాళ్లేరి వచ్చినాడు. నువ్వేం ఏరినావురా?” అని ఆమె నవ్వేది. ఆ నవ్వుకు ఈయన ఒళ్లు మండిపోయేది.

మామ పోయాక పంపకాల మాట వచ్చింది. ఇంకా తెల్లదొరల కాలం. దత్తుడికి తక్కువ వస్తుందని ఎవరో చెబితే మా ఆయన కర్నూలు వకీలు దగ్గరికి పరుగెత్తాడు. “మీ రైతు కులాల్లో ఇద్దరికీ సరిభాగమేనప్పా” అన్నాడట వకీలు. మొహం మాడ్చుకొని తిరిగొచ్చాడు.

మా వైపు పెద్దోడు భాగాలు పెడితే చిన్నోడు ముందు ఏరుకుంటాడు. పెద్దమనుషుల ముందు అయ్యన్న ఒక పక్క నల్లరేగడి చేను, ఎద్దులు, పెద్దిల్లు పెట్టాడు. రెండో పక్క తాను రాళ్లేరిన గరుసు చేను, కొట్టం పెట్టి, “అమ్మ ఉండేది గూడా ఈ భాగంలోనే” అన్నాడు.

తలుపు చాటు నుంచి నేను సైగలు చేస్తూనే ఉన్నా, నల్లచేను తీసుకోమని. ఈయన నన్ను చూస్తేనా! అయ్యన్న మొహమే చూస్తున్నాడు. అయ్యన్న చూపేమో రెండో భాగం మీదనుంచి కదలడం లేదు.

“నాకు ఆ గరుసు సేనే కావాల” అనేశాడు.

అయ్యన్న గబుక్కున తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. “వద్దురా కంబన్నా, నల్లసేను తీసుకో. నీ కాళ్లు పట్టుకుంటా.”

“సూడండప్పా, దానికోసరం ఎట్ల కొట్టుకులాడుతాండాడో!” అని మా ఆయన పొంగిపోయాడు.

అయ్యన్న పెద్దింటి గడపలో కూలబడి, “అమ్మను నా దగ్గర పెట్టుకుందామనుకున్న్యా” అని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా ఆయన మాత్రం, “ఏమైతేనేం, అమ్మ నాకే వచ్చింది గదా!” అన్నాడు.

ఆ పూట కొట్టంలో సంగటి కెలికి వడ్డించాను. మా ఆయనే తన చేత్తో నెయ్యి పోసి అత్త ముందు కంచం పెట్టాడు. ఆమె ముద్ద తుంచి, ఆగింది.

“అయ్యన్న తిన్న్యాడో లేదో సూసిరా పో, నాయనా.”

బతికినన్నాళ్లూ ప్రతి పూటా అదే మాట. మా ఆయన పళ్లు నూరుకుంటూ పెద్దింటిదాకా పోయేవాడు. తిరిగొచ్చి, “తిన్న్యాడు లేమ్మా” అని చెప్పిన తర్వాతే ఆమె ముద్ద నోట్లో పెట్టుకునేది.